కోటాలో కోటా అడిగితే ఐక్యత చెడగొట్టినట్టేనా?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నెలకోసారి ఓ పదకొండు మంది ఆడవాళ్లం కూర్చుంటాం, సంఘం అనేంత పెద్దదేం కాదు. చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లిచ్చే 2023 నాటి 106వ రాజ్యాంగ సవరణ గురించి మా ఎంపీకి ఒక పేజీ ఉత్తరం రాద్దామనుకున్నాం. అక్కడే చిక్కొచ్చింది.

ఎస్సీ, ఎస్టీ సీట్లలో మూడో వంతు ఆ వర్గాల ఆడవాళ్లకే. బీసీ మహిళలకు మాత్రం విడిగా ఏమీ లేదు. అదీ అడగాలని వెనక వీధి వదిన పట్టుబట్టింది. నది దాటితే ఆంధ్రాలోని పాతపట్నం వైపు పంచాయతీల్లో ‘బీసీ మహిళ’ సీటు ఉంటుంది కదా, అసెంబ్లీకి ఎందుకు వద్దని ఆవిడ వాదన. రిటైర్డ్ టీచరు అక్క ఒప్పుకోలేదు. "1996లో బిల్లు పెట్టినప్పటి నుంచి ఇన్నేళ్లూ ఈ పేచీతోనే ఆగింది, ముందు అమల్లోకి రానివ్వండి" అని ఆ వాక్యం మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టేసింది. "మీరు చెప్పే ఐక్యత మా వీధికి ఎప్పుడొచ్చిందక్కా?" అనేసి వదిన టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. రెండు నెలలైంది, మళ్లీ రాలేదు.

నాకు వదిన మాటే సబబనిపిస్తోంది. కానీ ఇంట్లో మగవాళ్లతో "ఆడవాళ్లంతా ఒక్కటే" అని వాదించేదీ నేనే! ఇది రెండు నాలుకల ధోరణా?

మీ దగ్గర ఇలాంటి తగువు వస్తే ఏం చేశారు? రెండు అభిప్రాయాలూ ఒకే ఉత్తరంలో రాయొచ్చా, విడివిడిగా పంపడం మేలా? వదినను ఎలా పిలవాలో కూడా చెప్పండి, నాకదే టెన్షన్.