ధనుర్మాసం అయిపోయాక గుడిలో ఐదుగురమే మిగిలాం. మీ ఊళ్లో ఎలా ఉంది?

గౌతమి గట్టు:
మాది కోనసీమలో చిన్న ఊరు. నెలగంట పెట్టిన రోజు నుంచి భోగి దాకా తెల్లవారుజామున నాలుగున్నరకల్లా గుడి నిండిపోయేది. రోజుకో పాశురం చొప్పున గోదాదేవి తిరుప్పావై 30 పాశురాలూ ఊరంతా కలిసి చదువుకున్నాం. 27వ పాశురంలో పొంగలి నెయ్యి మోచేతి దాకా కారాలని గోదమ్మ అంటుంది కదా, అది చదివే కూడారై నాడు మా ఆడవాళ్లు నిజంగా అంత నెయ్యీ తెచ్చారు. భోగికి గోదా కల్యాణం, కనుమకి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం.

ముక్కనుమ మర్నాడు అలవాటు కొద్దీ ఐదింటికే వెళ్లాను. తలుపుకి తాళం. మైకు సెట్టు తీసుకెళ్లిపోయారు. ధ్వజస్తంభం పక్కన మంచుకి తడిసిన విస్తరాకు దొన్న ఒకటి పడి ఉంది. ఆరున్నరకి స్వామి వచ్చి సుప్రభాతం మొదలుపెడితే వినడానికి ఐదుగురం. గుండె కలుక్కుమంది. పిల్లలు హైదరాబాద్ బస్సులెక్కేశారు, ఉన్నవాళ్లకి పొలం పనులు. ఎవర్నీ తప్పు పట్టను. కానీ మళ్లీ డిసెంబరు దాకా ఇంతేనా? మీరేం చేశారో చెప్పండి.

దాళ్వా రైతు:
ఆయ్, మాకూ ఇంతేనండి. పండగ వెళ్లిందంటే దాళ్వా, అదే రెండో పంట వరి ఊడ్పులు. కాలవ నీళ్లు ఉన్నప్పుడే దమ్ము చేసుకోవాలి, తెల్లారేసరికి చేలో ఉండాలి. ఆ టైములో గుడికి రమ్మంటే ఎవరొస్తారండి? మేం శనివారం దీపాల వేళకి మార్చాం. విష్ణు సహస్రనామం అరగంటలో అయిపోతుంది, ప్రసాదం తీసుకుని ఇంటికెళ్లి భోంచేస్తారు. మొదట్లో ఆరుగురం, ఇప్పుడు ఇరవై దాకా వస్తున్నారు. కోతలప్పుడు మళ్లీ తగ్గుతారు. అప్పుడు ఉన్నవాళ్లమే చదువుతాం, ఆపం.

పాలకొల్లు కోడలు:
టైము సంగతి సరే, మా అనుభవం ఇంకొకటి. ధనుర్మాసమంతా మా గుడికి వత్తులు చేసిచ్చిన పిన్నిగారు ఒకరున్నారు. ఒళ్లో పళ్లెం పెట్టుకుని, విబూది అద్దుకుంటూ పత్తిని అరచేతుల మధ్య నలుపుతుంటే అన్నీ ఒకే పొడవున వచ్చేవి. భోగి తర్వాత ఆవిడ కనపడలేదు. పండగ హడావిడి కదా, పిల్లల దగ్గరికి వెళ్లారేమో అనుకున్నాం. తొమ్మిదో రోజున వత్తులు అయిపోతే ఇంటికెళ్లాను. జ్వరంతో మంచం మీద ఉన్నారు, ఒక్కరే. "మీరంతా బిజీగా ఉంటారని ఫోన్ చేయలేదమ్మా" అన్నారు. ముప్పై రోజులు పక్కపక్కన కూర్చుని తీర్థం పుచ్చుకున్న మనిషి రాకపోతే అడగడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నిద్ర పట్టదు.

అప్పట్నుంచి వాట్సాప్‌లో హాజరు పిలవడం మానేశాం, దాంతో గొడవలే తప్ప లాభం లేదు. గుడి నుంచి వెళ్తూ వెళ్తూ, ఆరోజు రానివాళ్లలో ఒక్కరింటికి తీర్థం, ప్రసాదం పట్టుకెళ్తాం. అక్కడే ఒక పాశురం చదువుకుంటాం. పిన్నిగారు కోలుకున్నారు, వత్తులు మళ్లీ ఆవిడే చేస్తున్నారు.

వశిష్ఠ తీరం:
మాది నరసాపురం వైపు చర్చి, నేనూ రాయొచ్చనుకుంటా. డిసెంబరంతా ఇంటింటికీ కేరల్స్, 31 రాత్రి ఆరాధనలో నిలబడే చోటు కూడా ఉండదు. అందరూ కొత్త ఏడాదికి బైబిల్ వాక్యం ఉన్న వాగ్దాన కార్డు తీసుకుని వెళ్తారు. జనవరి రెండో ఆదివారానికి సగం బెంచీలు ఖాళీ. మా అమ్మ వాళ్ల స్త్రీల కూడిక ఆ వారమే ఎవరో ఒకరింట్లో మొదలుపెడతారు. ఎవరి కార్డు వాళ్లు తెచ్చుకుని ఆ వాక్యం చదివి, ఇంట్లో కష్టం ఏదైనా ఉంటే చెప్పుకుంటారు. చర్చిలో నోరు విప్పని వాళ్లు కూడా చాప మీద కూర్చుంటే మాట్లాడతారండి. పైన అక్క చెప్పినట్టు ఇంటికెళ్లడమే అసలు పని.

గౌతమి గట్టు:
అక్కా, మీది చదివాక మా వీధి చివరి మామ్మగారు గుర్తొచ్చారు. భోగి నుంచి చూడలేదు. నిన్న వెళ్లాను. మోకాళ్ల నొప్పులు, అంతే. గుడి మెట్లు ఎక్కలేనన్నారు. శనివారం నేనూ మా అబ్బాయీ చెయ్యి పట్టుకుని తీసుకొస్తామని చెప్పి వచ్చాను. స్వామితో మాట్లాడితే సాయంత్రం ఆరున్నరకి సరేనన్నారు, తాళంచెవి ఒకటి నాకిచ్చారు.

విష్ణు సహస్రనామం పెద్ద అక్షరాల పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో ఎవరైనా చెప్పండి. ఓ పది కావాలి. మామ్మగారికి చిన్న అక్షరాలు ఆనట్లేదట.