నల్ల బెంజి మీద సాలెగూడు గీతలు: కడపలోనే చేయిద్దామా, బెంగళూరు తీసుకుపోదామా?

ఎర్రముక్కపల్లె బెంజి:

అందరికీ నమస్కారం. నాది 2018 మోడల్ ఈ-క్లాస్, నలుపు. పోయిన ఉగాది ముందర బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. తెచ్చుకునే రోజు గువ్వలచెరువులో పాలకోవ కోసం ఆపితే బానెట్‌లో నా మొహం అద్దంలో మాదిరి కనపడింది. ఇప్పుడు ఎండలో పెడితే సాలెగూడు కనపడుతోంది. సూర్యుడు పెయింట్ మీద ఎక్కడ మెరిస్తే అక్కడ దాని చుట్టూ గుండ్రంగా వెంట్రుకల్లాంటి గీతలు.

నా తప్పు కూడా చెప్తా. మూడు నెలల కింద ఊర్లోనే ఒక వాటర్ వాష్ షాపులో రెండున్నర వేలు ఇచ్చి రబ్బింగ్ పాలిష్ కొట్టించా. మూడు వారాలు బ్రహ్మాండంగా ఉంది. నాలుగు సార్లు కడిగేసరికి పాత గీతలన్నీ తిరిగొచ్చాయి. దానికి తోడు కొత్త రోగం ఒకటి. రాత్రి పెట్రోల్ బంకులో లైట్ల కింద నిలబెడితే డోర్ల మీద నూనె పూసినట్టు అలలు అలలుగా కనపడుతోంది.

ఇప్పుడు రెండు కొటేషన్లు చేతిలో ఉన్నాయి. కడపలో ఒకాయన ‘మూడు స్టెప్పుల పెయింట్ కరెక్షన్, పైన 9హెచ్ సిరామిక్ కోటింగ్, ఐదేళ్ల గ్యారంటీ, 28 వేలు, పొద్దున ఇస్తే సాయంత్రం తీసుకుపో’ అన్నాడు. బెంగళూరులో ఒకరు కరెక్షన్‌కే 35 వేలు, నాలుగు రోజులు, కోటింగ్ వేరే అన్నారు. బండి చూడకుండా రేటు ఖాయం చేయలేమని కూడా అన్నారు.

ఎడమ పక్క డోర్ల మీద బోరు నీళ్ల తెల్ల చుక్కలు కూడా పట్టేసి ఉన్నాయి. వచ్చే నెలాఖరుకు ప్రొద్దుటూరులో మా అక్క కొడుకు పెళ్లి. పెళ్లికొడుకు కారు ఇదే. ఎవరి మాట వినాలి?

ప్రొద్దుటూరు ఫార్చ్యూనర్:

బండి మొత్తం పీపీఎఫ్ (పెయింట్ మీద అంటించే పారదర్శక ఫిల్మ్) వేయించెయ్ అన్నా, గొడవ వదిలిపోతుంది. లేదంటే నా మాదిరి తెల్ల బండి కొనుక్కో. నా దాని మీద ఎన్ని గీతలున్నాయో నాకే తెలీదు, హాయిగా ఉన్నా.

రాతిపాలిష్:

అన్నా, నేను చేసేది ఈ పనే. బెంగళూరులో ఒక స్టూడియోలో ఏడేళ్లుగా. మీరు అడిగిన రెండు చోట్లలో ఏదీ మాది కాదు, కాబట్టి మొహమాటం లేకుండా చెప్తా.

మాది ఎర్రగుంట్ల పక్క పల్లె. మా నాయన బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ మీద పనిచేసేవాడు. నాపరాయి మీద ముందు ముతక రాయి, తర్వాత దానికంటే సన్నది, తర్వాత ఇంకా సన్నది. ముందు రాయి వేసిన గీతను తర్వాతి రాయి తీసేస్తూ పోతే చివరికి నునుపు వస్తుంది. కారు పెయింట్ కరెక్షన్ కూడా అచ్చం ఇదే పని. గీతను పూడ్చరు, గీత చుట్టూ ఉన్న మెట్టను దాని లోతుకు అరగదీస్తారు. తేడా ఒక్కటే. నాపరాయికి అంగుళం మందం ఉంటుంది. మీ బండికి ఇనుము మీద ప్రైమర్, రంగు, పైన రంగులేని క్లియర్ కోటు అన్నీ కలిపి 100 నుంచి 150 మైక్రాన్లు. మన తల వెంట్రుక 70 మైక్రాన్లు ఉంటుందనుకోండి, దానికి రెట్టింపు. అందులో పైనున్న క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లు మాత్రమే. మేం పనిచేసేది దాని మీదే. ముతక కాంపౌండ్‌తో ఒకసారి కొడితే మూడు, నాలుగు మైక్రాన్లు పోవచ్చు. సన్న పాలిష్‌కు ఒకటి, రెండు. పోయింది మళ్లీ రాదు. మన ఎండను తట్టుకునే గుణం కూడా ఆ క్లియర్ కోటులోనే ఉంది. దాన్ని బాగా పలచన చేసి కడప ఎండలో నిలబెడితే కొన్నేళ్లకు పొలుసులు లేచిపోతుంది. రూఫ్ మీద తెల్లగా పొక్కులు లేచిన పాత బండ్లు మీరూ చూసే ఉంటారు.

మీకు జరిగింది ఇది. ఆ రెండున్నర వేల పాలిష్‌లో నూనె, మైనం లాంటి పదార్థం ఉంటుంది. అది గీతల్లో కూర్చుంటుంది, కంటికి కనపడదు, షాంపూకు కరిగిపోతుంది. గీతలు ఎక్కడికీ పోలేదు, దాక్కున్నాయి. ఇక ఆ నూనె అలలు అంటున్నారే, వాటిని మేం హోలోగ్రామ్స్ అంటాం. ఒకే చోట గిరగిరా తిరిగే రోటరీ మిషన్‌కు ఉన్ని ప్యాడ్ కట్టి ముతక కాంపౌండ్ కొట్టి, ఆ తర్వాత సన్న పాలిష్ చేయకుండా వదిలేస్తే పడే జాడలవి. మా నాయన భాషలో చెప్పాలంటే 60 నంబర్ రాయి దగ్గరే మిషన్ ఆపేసి బండను లారీకెత్తారు.

కాబట్టి ఎవరికిచ్చినా మూడు విషయాలు అడగండి. మొదటిది, పెయింట్ మందం కొలిచే మిషన్ ఉందా, ప్యానెల్ ప్యానెల్‌కూ కొలిచి రాసిస్తారా? సెకండ్ హ్యాండ్ బండి కదా, తిరిగి పెయింట్ పడిన ప్యానెల్ ఉంటే దాని కథ వేరే. ఇంకో సంగతి, మీ మోడల్‌కు బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియం. ఇనుము మీద మాత్రమే కొలిచే చౌక మిషన్ తెస్తే అక్కడ అంకె రాదు. రెండోది, బానెట్ మీద ఒక మూల జానెడు చోటులో ముందు శాంపిల్ కొట్టి చూపిస్తారా? మూడోది చాలా ముఖ్యం. శాంపిల్ కొట్టాక ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచి, టార్చ్ వేసి చూపించమనండి. నూనెతో పూడ్చి ఉంటే ఆల్కహాల్‌తో బయటపడుతుంది. ఆ మాటకు ముఖం మాడ్చుకున్నవాడికి తాళం ఇవ్వొద్దు.

పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకుపోయేదాంట్లో మూడు స్టెప్పులు ఎట్లా పడతాయో నాకైతే అర్థం కాలేదు. కడగడం, బ్రేకుల నుంచి లేచిన ఇనప రజను కరిగించే ద్రావకం కొట్టడం (అది ఊదా రంగులో కారుతుంది, చూడ్డానికి భలే ఉంటుంది), అంటుకున్న మురికిని లాగేసే క్లే ముద్ద రుద్దడం, రబ్బర్లకూ అంచులకూ టేపు వేయడం, ఇంతకే మాకు సగం రోజు పైన పడుతుంది. పైగా బెంజి పెయింట్ గట్టిది. ఆ కంపెనీ 2003 ప్రాంతం నుంచే గీతలను తట్టుకునే నానో క్లియర్ కోటు వాడుతోంది. గట్టి పెయింట్ మీద గీత తొందరగా పడదు, పడితే తొందరగా పోదు కూడా.

9హెచ్ అంటే వజ్రమేమీ కాదన్నా. అది పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షలో ఒక అంకె. సిరామిక్ వల్ల మురికి అంటుకోదు, కడగడం తేలిక, మెరుపు ఉంటుంది. గీతలు ఆపదు. రాయి తగిలినా ఆపేది పీపీఎఫ్ ఒక్కటే, దాని మందమే 150, 200 మైక్రాన్లు ఉంటుంది. కానీ గీతలు తీయకుండా ఫిల్మ్ వేస్తే గీతలకు ఫ్రేమ్ కట్టించినట్టు.

ఇంతకీ బండిని రోజూ తుడిచేదెవరు?

ఎర్రముక్కపల్లె బెంజి:

తమ్ముడూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. తుడిచేది మా డ్రైవరు. పొద్దున్నే పాత లుంగీ గుడ్డతో దుమ్ము దులుపుతాడు. తర్వాత ఒక బకెట్ నీళ్లు. ఆర్వో మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా ఎందుకని ఆ పైపు డ్రమ్ములోకి పెట్టించా. వాటితోనే కడుగుతాం.

రాతిపాలిష్:

దొరికింది దొంగ! అన్నా, ఆర్వో పారబోసే నీళ్లలోనే ఉప్పులన్నీ ఉంటాయి. మీరు తాగడానికి వద్దని మిషన్ తీసేసిన సున్నమంతా బండి మీద పోస్తున్నారు. బోరు నీళ్ల కంటే అవే చెడ్డవి. ఎండలో నీరు ఆవిరైపోయి సున్నం బొట్టు మిగులుతుంది. కొత్త చుక్కలైతే వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి మైక్రోఫైబర్ గుడ్డతో నీడలో ఒక నిమిషం అద్ది, వెంటనే మంచినీళ్లతో కడిగేయండి, పోతాయి. పెయింట్‌ను తినేసి గుంట పడి ఉంటే మాత్రం పాలిష్ మిషనే దిక్కు. చివరి కడుగుడుకు ఏసీ పైపు కింద బకెట్ పెట్టి ఆ నీళ్లు పట్టండి. అవి గాల్లోని తేమ నుంచి వచ్చిన నీళ్లు, సున్నం ఉండదు. మన ఎండాకాలంలో ఏసీలు ఎట్లాగూ రాత్రంతా నడుస్తాయి కదా.

ఇక లుంగీ గుడ్డ. మన జిల్లా దుమ్ములో సున్నపురాయి పొడి, సిమెంటు, ఇసుక అన్నీ ఉంటాయి. పొడి గుడ్డతో దాన్ని లాగితే రోజూ మీ బండికి నాపరాయి పాలిష్ పడుతున్నట్టే. దుమ్ముంటే ఉండనీండి. వారానికోసారి ముందు నీళ్లతో దుమ్ము జార్చి, షాంపూ నీళ్లకు ఒక బకెట్, గుడ్డ జాడించుకోడానికి ఇంకో బకెట్ పెట్టుకుని, పైనుంచి కిందికి కడగమనండి. ఈ అలవాటు మారకపోతే 28 వేలు పెట్టినా 35 వేలు పెట్టినా ఆరు నెలల్లో మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు, అప్పటికి క్లియర్ కోటు ఇంకో నాలుగు మైక్రాన్లు తక్కువ ఉంటుంది.

ఏడురోడ్ల పెద్దాయన:

ఏందబ్బా ఈ మైక్రాన్లు! మా మామ అంబాసిడర్‌ను ముప్పై ఏళ్లు కిరసనాయిలు గుడ్డతో తుడిచినాడు. అద్దమే.

రాతిపాలిష్:

పెద్దాయనా, మీ మామ గుడ్డకు కారు రంగు అంటుకునేదా లేదా? అంటుకునే ఉంటుంది. అప్పటి పెయింట్‌కు పైన క్లియర్ కోటు లేదు, పైనుంచి కిందిదాకా రంగే. ఎంత అరగదీసినా కింద అదే రంగు. ఆ బండ్ల మీద పనిచేయడం నాకూ ఇష్టమే.

ఎర్రముక్కపల్లె బెంజి:

కొలిపించా. టైల్స్ వ్యాపారం చేసే స్నేహితుడి అల్లుడు సెకండ్ హ్యాండ్ కార్లు చూస్తాడు, అతని దగ్గర మిషన్ ఉంది. మొదట బానెట్ మీద అంకె రాలేదు. మీరు చెప్పింది గుర్తొచ్చి సెట్టింగ్ మార్పించా. బానెట్ 118, రూఫ్ 124, డ్రైవర్ డోర్ 111. ఎడమ వెనక డోర్ మాత్రం 265! ‘ఒక్క ప్యానెల్‌కూ పెయింట్ పడలేదు సార్’ అని నాకు ఒట్టేసి అమ్మాడా మహానుభావుడు. ఇప్పుడేం చేయాలి?

రాతిపాలిష్:

అమ్మినాయన సంగతి మీ ఇష్టం. డోర్ సంగతి చెప్తా. 265 అంటే తిరిగి పెయింట్ పడింది. లప్పం మందంగా పెట్టి ఉంటే అంకె ఇంకా చాలా పైకి పోయేది, కాబట్టి పెద్ద దెబ్బ తగిలినట్టు లేదు. ఫ్యాక్టరీలో పెయింట్‌ను 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. బయట షాపులో 60, 70 డిగ్రీలే, అంతకంటే ఎక్కువైతే ప్లాస్టిక్కులు, రబ్బర్లు పాడవుతాయి. అందుకే ఆ డోర్ మెత్తగా ఉంటుంది. మిగతా బండికి వాడిన ప్యాడ్ దాని మీద వాడొద్దని, దానికి వేరే శాంపిల్ కొట్టమని చెప్పండి.

మిగతా అంకెలు బాగున్నాయి. నన్నడిగితే రెండు స్టెప్పులు చాలు, డ్యూయల్ యాక్షన్ మిషన్ (రోటరీ మాదిరి ఒకే చోట కాకుండా తిరుగుతూ ఊగేది) మీద. నూటికి ఎనభై గీతలు పోతే ఆపేయమనండి. గోరుతో గీస్తే గోరు ఆగే గీతల జోలికి పోవద్దు, వాటిని తీయాలంటే క్లియర్ కోటు కింద రంగు బయటపడుతుంది. నూటికి నూరూ కావాలనుకునేవాళ్లు బండిని గ్యారేజీలో బట్ట కప్పి పెట్టేవాళ్లు. మీరు రాయచోటి రోడ్డు మీద లారీల వెనక తిరిగేవాళ్లు.

కడపా, బెంగళూరా అన్నది నాకు ముఖ్యం కాదు. కడపాయన దగ్గరికే పోయి శాంపిల్, ఆల్కహాల్, టార్చ్ అడగండి. ఒప్పుకుని మూడు రోజులు తీసుకుంటానంటే ఆయనకే ఇవ్వండి. పెళ్లికి కనీసం రెండు వారాల ముందే పూర్తవ్వాలి. సిరామిక్ వేశాక ఒక రోజు చుక్క నీరు పడకూడదు, వారం దాకా షాంపూ పెట్టకూడదు.

అన్నట్టు పెళ్లి కారు అన్నారు కదా. పూల డెకరేషన్ వాళ్లు సెల్లో టేపు బానెట్‌కు అంటించి, ఇనప తీగతో దండలు కడతారు. అప్పగింతల తర్వాత టేపు పీకుతుంటే నేను పక్కన నిలబడి ఏడ్చిన బండ్లు రెండున్నాయి. రిబ్బన్‌తో, గాజుకు అంటుకునే రబ్బరు కప్పులతో కట్టమనండి. తడి పూలు ఎండలో బానెట్ మీద ఎండితే మరక పడుతుంది.

ఎర్రముక్కపల్లె బెంజి:

కడపాయన శాంపిల్‌కు ఒప్పుకున్నాడు. ఆల్కహాల్ మాట ఎత్తగానే ఒక్క క్షణం నా మొహం చూసి ‘ఎవరు చెప్పారు సార్ మీకు’ అన్నాడు. తర్వాత నవ్వి, మూడు రోజులు కావాలి, 30 వేలు అవుతుంది అన్నాడు. ఇచ్చేస్తున్నా. డ్రైవరుకు రెండు బకెట్లు కొనిచ్చా, లుంగీ గుడ్డ స్వాధీనం చేసుకున్నా.

పూల సంగతి మా మేనల్లుడికి చెప్తే, బానెట్ మీద పూలు లేకపోతే పెళ్లి కారు ఎట్లవుతుంది మామా అని అలిగాడు. చివరికి రాజీ కుదిరింది. ముందు గ్రిల్లుకు ఒక దండ రిబ్బన్‌తో, వెనక అద్దానికి ఒక గుత్తి. ఇంకా కావాలంటే ఎడమ వెనక డోర్ మీద ఎన్ని పెట్టుకున్నా నేను ఏమీ అనను అని చెప్పా.