ప్రభుత్వ పనులు చేసే కంపెనీలు పార్టీలకు చందా ఇవ్వొచ్చా?

ఆయకట్టు
ఎన్నికల బాండ్ల సంగతి, అంటే పేరు బయటపడకుండా పార్టీలకు చందా ఇవ్వడానికి స్టేట్ బ్యాంకు అమ్మిన పత్రాల సంగతి, అందరూ మర్చిపోయినట్టున్నారు. నాకు మాత్రం మింగుడు పడటం లేదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ఎవరు కొన్నారో చెప్పమంటే స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగింది. కోర్టు ఒప్పుకోకపోవడంతో మార్చిలోనే జాబితా బయటికొచ్చింది. అందులో రెండో స్థానంలో ఉన్నది మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగ్. మొత్తం 966 కోట్లు. బీజేపీకి 580 కోట్లకు పైగా, బీఆర్‌ఎస్‌కు 195 కోట్లు. డీఎంకే, వైసీపీ, టీడీపీ, కాంగ్రెస్‌లకూ ఎంతో కొంత ముట్టింది. కాళేశ్వరంలో పెద్ద పనులు చేసింది ఈ కంపెనీయే, 2019 చివర్లో రివర్స్ టెండర్‌లో (పాత కాంట్రాక్టు రద్దు చేసి మళ్లీ పిలిచిన టెండర్‌లో) పోలవరం దక్కించుకున్నదీ ఈ కంపెనీయే. ఇందులో నేరం జరిగిందని నేను అనడం లేదు. బాండ్ల మీద ప్రత్యేక దర్యాప్తు బృందం వేయమంటే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కాదంది. నా బాధ వేరు. ఇదంతా అప్పట్లో చట్టబద్ధమే, అదీ సమస్య.

ఒకదానితో ఒకటి పొసగని పార్టీలన్నిటికీ ఒకే కంపెనీ డబ్బిస్తే, అది సిద్ధాంతం నచ్చి ఇచ్చింది కాదు. ఎవరు గెలిచినా టెండరు తెరిచే గదిలోకి దారి ఉండాలని ఇచ్చింది. కంపెనీల విరాళాలు వ్యాపార లావాదేవీలేనని, ప్రతిఫలం ఆశించే ఇస్తారని తీర్పులోనే రాశారు.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 9ఏ సెక్షన్ ఉంది. ప్రభుత్వంతో కాంట్రాక్టు నడుస్తున్న మనిషి ఆ ప్రభుత్వం ఉన్న సభకు పోటీ చేయకూడదు. ఒక చిన్న చెరువు కట్ట పని చేస్తున్నా ఎమ్మెల్యేగా నామినేషన్ వేయడం కష్టం. వేల కోట్ల పని చేస్తున్న కంపెనీ మాత్రం ఆ ఎమ్మెల్యేలందరినీ నిలబెట్టే పార్టీకి వందల కోట్లు ఇవ్వొచ్చు! కంపెనీల చట్టం 182 సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు పార్టీలకు పైసా ఇవ్వకూడదు, అది జనం సొమ్ము కాబట్టి. మరి కాంట్రాక్టు బిల్లుగా వెళ్లిన సొమ్ము ఎవరిది?

అందుకే అంటున్నాను, కాంట్రాక్టు ఉన్నన్నాళ్లూ, ముగిశాక రెండేళ్ల వరకూ, ఆ కంపెనీ ఏ పార్టీకీ చందా ఇవ్వకూడదు. మీరేమంటారు?

పాత లెక్కలు
ఆయకట్టు గారూ, మీ ఆవేదన అర్థమైంది గానీ మందు తప్పు. 1969లో ఇందిరా గాంధీ ప్రభుత్వం కంపెనీల విరాళాలను పూర్తిగా నిషేధించింది. అప్పుడేమైనా డబ్బు ఆగిందా? సూట్‌కేసుల్లోకి వెళ్లింది. 1985లో నిషేధం తీసేశారు. మీరు ఇవాళ 966 కోట్లని చెప్పగలుగుతున్నారంటే ఆ డబ్బు బ్యాంకు ద్వారా వెళ్లింది కాబట్టే. నిషేధిస్తే ఆ మాత్రం ఆధారం కూడా ఉండదు.

ఇంకొకటి. మన రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదు. ఆ తలుపు బార్లా తెరిచిపెట్టి, డబ్బు ఎక్కడి నుంచి రావద్దో చట్టం రాస్తే ఏం లాభం?

సైట్ మనిషి
ఇక్కడ పెద్ద కంపెనీల గురించే మాట్లాడుతున్నారు. మాది చిన్న బతుకు. నాన్న పల్లెల్లో సీసీ రోడ్లు, డ్రైన్లు వేయించేవాడు. ఒకసారి పని పూర్తయ్యి, ఎంబీ (కొలతల పుస్తకం) రికార్డు అయ్యి, బిల్లు పెట్టాక రెండేళ్లు డబ్బు రాలేదు. సిమెంటు షాపు వాళ్లు ఇంటికొచ్చి కూర్చునేవారు. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టాం. ఇంతలో ఎన్నికలొచ్చాయి. ఒక స్థానిక నాయకుడు పిలిచి "ఫండ్ ఏమైనా చూడు" అన్నాడు. నాన్న అప్పు తెచ్చి ఇచ్చాడు. వారం తిరక్కుండా బిల్లుకు టోకెన్ పడింది, అంటే చెల్లింపు వరసలోకి వచ్చింది.

ఎవరి పేరూ చెప్పను. కానీ ఒక మాట. ప్రతిసారీ కాంట్రాక్టరే నాయకుడి దగ్గరికి వెళ్లడు, చాలాసార్లు నాయకుడే కబురు పెడతాడు. ఆ రోజు అలాంటి చట్టం ఉండి ఉంటే "సార్, ఇస్తే నా లైసెన్సు పోతుంది" అని చెప్పే వీలు నాన్నకు ఉండేది. వినేవాడో లేదో వేరే విషయం. చెప్పడానికి ఒక మాటైనా ఉండేది.

అట్లాంటా
అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ కాంట్రాక్టులు చేసే కంపెనీలు ఫెడరల్ ఎన్నికల్లో విరాళాలు ఇవ్వకూడదన్న చట్టం 1940 నుంచి ఉంది. 2010లో అక్కడి సుప్రీంకోర్టు కార్పొరేట్ ఎన్నికల ఖర్చుకు గేట్లు ఎత్తేసినా ఈ నిషేధం నిలిచింది. అయితే దారులు లేకపోలేదు. ఉద్యోగుల సొంత డబ్బుతో కంపెనీ పేరున కమిటీ పెట్టి ఇవ్వొచ్చు, అధికారులు సొంతంగా ఇవ్వొచ్చు. కానీ ఎవరు ఎంత ఇచ్చారో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. నిషేధమూ, బహిరంగ లెక్కా రెండూ కలిసి ఉండాలి. ఒకటి ఉంటే చాలదు.

పాత లెక్కలు
సైట్ మనిషి గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను నిషేధాన్ని పై నుంచి చూశాను, కింద నుంచి చూడలేదు. అది ఒప్పుకుంటాను.

అయినా రెండు కంతలు పూడ్చకపోతే మీ చట్టం కాగితమే. ఒకటి, అనుబంధ సంస్థలు. మేఘా గ్రూపులోని వెస్టర్న్ యూపీ పవర్ ట్రాన్స్‌మిషన్ విడిగా 220 కోట్ల బాండ్లు కొంది, అందులో 110 కోట్లు కాంగ్రెస్‌కు వెళ్లాయి. కంపెనీ పేరు చూసి నిషేధిస్తే చెల్లెలి కంపెనీ ఇస్తుంది. రెండు, ఎలక్టోరల్ ట్రస్టులు. కంపెనీల దగ్గర విరాళాలు పోగుచేసి పార్టీలకు పంచే సంస్థలు ఇవి, ఇప్పటి పథకం 2013 నుంచి ఉంది. ట్రస్టుకు ఎవరిచ్చారో తెలుస్తుంది, ట్రస్టు ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో తెలుస్తుంది. ఫలానా కంపెనీ రూపాయి ఫలానా పార్టీకి చేరిందని మాత్రం జతపరచలేం. బాండ్లు పోయాక పెద్ద డబ్బంతా ఈ దారి పట్టింది.

ఆయకట్టు
రెండూ నిజమే, నేను సగమే ఆలోచించాను. అయితే టెండరు పత్రంలోనే పెట్టాలి. గ్రూపులోని ఏ సంస్థ గానీ, ఏ ట్రస్టు ద్వారా గానీ గత మూడేళ్లలో ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో అఫిడవిట్ ఇవ్వాలి. అబద్ధమైతే బ్లాక్‌లిస్ట్. సాల్వెన్సీ (ఆర్థిక స్తోమత) సర్టిఫికెట్, అనుభవ పత్రాలు అడిగేవాళ్లకు ఇదొకటి అడగడం కష్టమేమీ కాదు. కొత్త టెండర్లకు ఇది పెట్టడానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు, రాష్ట్ర ప్రభుత్వం ఒక జీవో ఇస్తే సరిపోతుందని నా నమ్మకం. పార్టీ ఖర్చుకు పరిమితి ఉండాలన్న మీ మాటతోనూ ఏకీభవిస్తున్నాను. దానికి మాత్రం చట్టమే కావాలి.

సైట్ మనిషి తమ్ముడూ, ఆ బిల్లు మొత్తం వచ్చిందా?

సైట్ మనిషి
సగం వచ్చిందన్నా. మిగతాది ఇంకా పెండింగే. నాన్న ఇప్పుడు ప్రభుత్వ పనులు మానేసి, టౌన్‌లో అపార్ట్‌మెంట్లకు స్లాబులు వేయిస్తున్నాడు.