మారిషస్ బడిలో తెలుగా, క్రియోలా: ఎంచుకోమనడం సబబేనా?

భాషాభిమాని: 2012లో మారిషస్ ప్రాథమిక పాఠశాలల్లో, అక్కడి జనం ఇళ్లలో మాట్లాడే క్రియోల్ భాషను ఐచ్ఛికాంశంగా ప్రవేశపెట్టారు. హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ వంటి పూర్వీకుల భాషలు చెప్పే పీరియడ్‌లోనే దాన్నీ చేర్చినందువల్ల పిల్లలు ఏదో ఒకటే తీసుకోవాలి. ఇంట్లో ఎలాగూ వచ్చే భాష కోసం తెలుగును వదులుకుంటే అక్కడి మనవాళ్ల ఉనికికి ఆధారమేముంటుంది?

కోరంగి రేవు: ఇంట్లో వచ్చే భాషకు బడి అక్కర్లేదనుకుంటే గుంటూరులోనూ తెలుగు వాచకం అక్కర్లేదు. ఫ్రెంచి వారి తోటల్లో మడగాస్కర్, తూర్పు ఆఫ్రికాల నుంచి తెచ్చిన బానిసల నోట పుట్టిన ఆ భాషను, 1834 తర్వాత ఒప్పంద కూలీలుగా వెళ్లిన మనవాళ్లు చెరకు పొలాల్లో నేర్చి తమదిగా చేసుకున్నారు. తరాలుగా క్రియోల్ మాట్లాడుతున్నా వారు రామభజనలు, సింహాద్రి అప్పన్న పూజలు మానలేదు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం కూడా.

చరిత్ర విద్యార్థి: నా అభ్యంతరం ఆ పీరియడ్ ఏర్పాటు మీదనే. 2011 జనగణనలో ఎనభై శాతానికి పైగా జనం ఇంటి భాషగా చెప్పిన క్రియోల్‌ను పూర్వీకుల భాషల వరుసలో నిలబెట్టడంతో, అది బానిసల వారసులైన క్రియోల్ సముదాయపు వాటాగా కనబడుతోంది. నాటకకర్త దేవ్ విరాసామి దశాబ్దాల పాటు దాన్ని దేశమంతటి భాషగా నిలబెట్టాలని వాదించారు. ఈ ఏర్పాటు అందుకు సరిగ్గా వ్యతిరేక దిశలో ఉంది. 1968 నాటి రాజ్యాంగం 49వ నిబంధన శాసనసభకు ఇంగ్లీషును అధికార భాషగా పెట్టి, ఫ్రెంచిలో మాట్లాడటానికీ అనుమతించింది. నాయకులు ప్రజలను ఓట్లడిగే భాషకు మాత్రం చోటివ్వలేదు.

భాషాభిమాని: అంగీకరిస్తాను, కానీ ఇంగ్లీషు, ఫ్రెంచి తప్పనిసరి అయిన చోట మరో రెండు భాషలు పెడితే పసిపిల్లలు మోయగలరా? అప్పుడు ముందుగా జారిపోయేది తెలుగే.

చరిత్ర విద్యార్థి: క్రియోల్‌ను అదనపు పాఠ్యాంశంగా చూసినప్పుడే ఆ బరువు. పొరుగున ఉన్న సీషెల్స్ 1982లోనే చిన్న తరగతులకు తన సొంత క్రియోల్‌ను బోధనా మాధ్యమం చేసింది. మారిషస్‌లో కూడా లెక్కలు, పరిసరాల పాఠాలు తొలి ఏళ్లలో క్రియోల్‌లోనే చెబితే, ఆ ఐచ్ఛిక పీరియడ్ తెలుగుకే మిగులుతుంది. దీన్ని కాదనేవారు, ఇంట్లో వినని ఇంగ్లీషులో ఆరేళ్ల పిల్లకు కూడికలు నేర్పడం ఎందుకు మేలో ముందు చెప్పాలి.