లాక్‌డౌన్ బ్యాచ్ బీకాం: ఆడిటర్ దగ్గరా, జీడిపప్పు ఫ్యాక్టరీలోనా?

మాది శ్రీకాకుళం జిల్లా. 2019–22 బీకాం కంప్యూటర్స్. రెండో సెమిస్టర్ మధ్యలో, 2020 మార్చిలో కాలేజీ మూసేశారు. ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ల్యాబ్ ఫోన్‌లోనే. సార్ స్క్రీన్ చూపిస్తే మేం నోట్సులో "ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్" అని రాసుకునేవాళ్లం, అదీ సిగ్నల్ ఉన్న రోజు. మార్కులు మాత్రం బాగానే వచ్చాయి!

గత నెల రెండు ఇంటర్వ్యూలు పోయాయి. రెండు చోట్లా ఓ కట్ట బిల్లులు, బ్యాంక్ స్టేట్‌మెంటు ఇచ్చి గంటలో లెక్క సరిచూడమన్నారు. మొదటిచోట 1,180 రూపాయలు తేడా వచ్చింది. ఇచ్చిన చెక్కు ఇంకా బ్యాంకులో పడలేదని ఇంటికొచ్చాక తట్టింది. రెండోచోట 18 శాతం జీఎస్టీ ఉన్న బిల్లుని సీజీఎస్టీ (కేంద్రం వాటా) 9, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 9గా విడగొట్టాను. తీరా చూస్తే సరుకు పంపినవాళ్లది ఒడిశా, వేరే రాష్ట్రం కాబట్టి ఐజీఎస్టీ వెయ్యాలి. థియరీ అడిగితే గడగడా చెప్పేవాణ్ని.

యూట్యూబ్ వీడియోలు చూశాను. ట్యాలీ ఎడ్యుకేషన్ మోడ్‌లో (లైసెన్సు లేకుండా నేర్చుకోడానికి ఇచ్చేది) రోజూ రెండు గంటలు, ఆరు వారాలు చేశాను. అందులో 1, 2, 31 తేదీలే పడతాయి, ఇక బ్యాంకుతో ఏం సరిచూస్తాం? ఊళ్లో కిరాణా షాపు బిల్లులు అడిగి ఎక్కించాను గానీ, తప్పో ఒప్పో చెప్పేవాళ్లు లేరు.

ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక ఆడిటర్ రమ్మంటున్నారు: ఆరు నెలలు, జీతం లేదు, బస్సు ఖర్చులిస్తారు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో అకౌంట్స్ హెల్పర్‌గా అయితే నెలకు 9,000, కానీ మొదట్లో గేటు దగ్గర బస్తాల లెక్కే రాయాలట.

బిల్లులు, బ్యాంకు, పన్ను రిటర్నుల పని త్వరగా చేతికి రావాలంటే, మీరైతే ముందు దేంట్లో చేరతారు?