సెమినార్‌లో పేపర్ సమర్పించాను, చర్చ మాత్రం జరగలేదు: లోపం ఎక్కడుంది?

పరిశోధక విద్యార్థిని (మొదటి సంవత్సరం):

అందరికీ నమస్కారం. నేను జీవశాస్త్రంలో పీహెచ్‌డీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. మా కోర్సు వర్కులో వారానికొకరు ఒక పేపర్‌ను సమర్పించాలి, ఆ తరువాత అరగంట చర్చ ఉంటుంది. గత వారం నా వంతు వచ్చింది. డీఎన్‌ఏ ప్రతికృతిపై (కణంలో డీఎన్‌ఏకు నకలు ఎలా తయారవుతుందన్న విషయంపై) శాస్త్రవేత్తలు మెసెల్‌సన్, స్టాల్ 1958లో ప్రచురించిన పేపర్‌ను తీసుకున్నాను. డిగ్రీలోనూ ఎమ్మెస్సీలోనూ చదివిన ప్రయోగమే కాబట్టి ఇబ్బంది ఉండదనుకున్నాను. 38 స్లైడ్లు తయారుచేసుకుని, చెప్పవలసినదంతా కాగితం మీద రాసుకుని, దాదాపు కంఠస్థం చేసి వెళ్లాను.

చెప్పడం ముగిశాక ఒక సీనియర్, “మధ్యలో కనిపిస్తున్న బ్యాండు బరువైన, తేలికైన బ్యాండ్ల మధ్య సరిగ్గా సగం దూరంలోనే ఉందని వాళ్లకెలా తెలిసింది?” అని అడిగారు. తెర మీద ఆ బ్యాండు (ద్రావణాన్ని వేగంగా తిప్పినప్పుడు ఒకే సాంద్రత గల డీఎన్‌ఏ ఒకచోట చేరి ఏర్పడే పట్టీ) పక్కనే నా లేజర్ పాయింటర్ చుక్క వణుకుతోంది, నోట మాట రాలేదు. చివరికి “పుస్తకాల్లో అలాగే ఉంది” అన్నాను. ఆ తరువాత ఇంకెవరూ ఏమీ అడగలేదు. అరగంట చర్చ ఐదు నిమిషాల్లో ముగిసిపోయింది.

నేను డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంగ్లిష్‌లో అడిగిన ప్రశ్నకు మనసులో వాక్యం కూర్చుకునేలోపే మాట వేరే వైపు వెళ్లిపోతోంది. చర్చ సాగాలంటే పేపర్‌ను ఎలా సిద్ధం చేసుకోవాలి? జవాబు తెలియనప్పుడు ఏమని చెప్పాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

విశ్రాంత అధ్యాపకుడు:

అమ్మా, ఆ రోజు మీకు వచ్చిన ప్రశ్న చాలా విలువైనది, దానికి జవాబు ఆ పేపర్‌లోనే ఉంది. నైట్రోజన్-15లో (నైట్రోజన్ బరువైన రూపంలో) పెంచిన ఈ. కోలి బాక్టీరియాను మామూలు నైట్రోజన్‌లోకి మార్చాక, వేర్వేరు సమయాల్లో తీసిన నమూనాలను సీసియం క్లోరైడ్ ద్రావణంలో నిమిషానికి 44,770 చుట్ల వేగంతో 20 గంటలపాటు సెంట్రిఫ్యూజ్ చేశారు. అంతటితో ఆగకుండా, సున్నా తరం (మార్చకముందు తీసిన) నమూనానూ 1.9 తరాల (ఒక తరం అంటే బాక్టీరియా సంఖ్య రెట్టింపయ్యే కాలం) నమూనానూ కలిపి ఒకేసారి తిప్పారు. అప్పుడు బరువైన, మధ్యస్థ, తేలికైన బ్యాండ్లు మూడూ ఒకే ఫోటోలో పక్కపక్కన కనిపించాయి కాబట్టి, మధ్యది సరిగ్గా సగం దూరంలో, 2 శాతం అటూఇటూగా, ఉన్నదని కొలిచి చెప్పగలిగారు. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో సాధారణంగా ఈ భాగం ఉండదు. మనం పుస్తకం బొమ్మను గుర్తుపెట్టుకుని పేపర్ చదివామనుకుంటాం, చిక్కు అక్కడే వస్తోంది.

అందుకని ఈసారి ఉపోద్ఘాతాన్ని మూడు స్లైడ్లకు కుదించి, మిగిలిన సమయమంతా ఆ ఫోటోల దగ్గరే నిలవండి. సెమీకన్జర్వేటివ్ (ప్రతి కొత్త డీఎన్‌ఏలో ఒక పాత పోగు, ఒక కొత్త పోగు), కన్జర్వేటివ్ (పాత డీఎన్‌ఏ మొత్తం అలాగే ఉండి, పక్కన పూర్తిగా కొత్తది), డిస్పర్సివ్ (పాత, కొత్త ముక్కలు అన్ని పోగుల్లోనూ కలిసిపోవడం) అనే మూడు ఊహా నమూనాలను బోర్డు మీద గీసి, ఒక తరం తరువాత బ్యాండ్లు ఎక్కడ పడాలో, రెండు తరాల తరువాత ఎక్కడ పడాలో అందరినీ తమ నోటుపుస్తకాల్లో గీయమనండి. మొదటి తరం ఫలితంతో కన్జర్వేటివ్ నమూనా పక్కకు పోతుంది, కాని మిగిలిన రెండింటి ప్రకారమూ మధ్యలో ఒకే బ్యాండు రావాలి. రెండో తరంలో గాని తేడా బయటపడదు. డిస్పర్సివ్ నిజమైతే తేలిక వైపు ముప్పాతిక దూరంలో ఒకే బ్యాండు కనిపించాలి, వారికి కనిపించినవి దాదాపు సమానమైన రెండు బ్యాండ్లు. ఇది చేత్తో గీసినవారికి మీరు అడగకుండానే సందేహాలు వస్తాయి.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన స్కాలర్ (అమెరికా, నాలుగో సంవత్సరం):

నేనూ తెలుగు మాధ్యమం నుంచే వచ్చాను. ఇక్కడ జర్నల్ క్లబ్‌లో (పేపర్లు చదివి చర్చించే సమావేశంలో) మొదటి ఏడాదంతా మీలాగే ఉండేది. నాకు ఉపయోగపడిన పద్ధతి ఒక్కటే: ఎవరైనా అడగగానే ఆ ప్రశ్నను నా మాటల్లో తిరిగి చెప్పి, “మీరడిగింది ఇదేనా?” అని నిర్ధారించుకునేదాన్ని. దానివల్ల వాక్యం కూర్చుకోవడానికి వ్యవధి దొరుకుతుంది, ప్రశ్నను తప్పుగా అర్థం చేసుకున్నా అక్కడే తెలిసిపోతుంది. జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పండి, అయితే అక్కడితో ఆపకుండా “దీన్ని తేల్చాలంటే ఫలానా కంట్రోల్ కావాలనుకుంటున్నాను” అని (కంట్రోల్ అంటే పోల్చి చూడటానికి పెట్టే నమూనా) ఒక్క మాట జోడించండి. ఆ మాటను పట్టుకుని మరొకరు మాట్లాడతారు.

ఎమ్మెస్సీ విద్యార్థి:

ఫలితాన్ని ముందే ఊహించి గీయమనే, సార్ చెప్పిన పద్ధతిపై నాకొక సందేహం ఉంది. ఈ ప్రయోగ ఫలితం ఇంటర్ నుంచీ అందరికీ తెలిసినదే కదా, తెలిసిన ఫలితాన్ని ఊహించమంటే తరగతికి ఆసక్తి ఎలా కలుగుతుంది?

విశ్రాంత అధ్యాపకుడు:

న్యాయమైన సందేహం బాబూ. గెలిచిన నమూనా అందరికీ తెలుసు, ఓడిన నమూనా ఏ ఫలితాన్ని ఇచ్చి ఉండేదో గీయమంటే మాత్రం చాలామంది తడబడతారు. ఆసక్తి అక్కడ పుడుతుంది. అదీ చాలకపోతే, రచయితలు తమ ఫలితానికి పెట్టుకున్న హద్దును చర్చకు పెట్టండి. డీఎన్‌ఏలోని నైట్రోజన్ రెండు ఉపభాగాల మధ్య సమానంగా పంచబడి ఉందని వారు తేల్చారు గాని, ఆ ఉపభాగాలు ఒక్కొక్కటీ ఒంటి పోగేనని తాము నిరూపించలేదని స్పష్టంగా రాశారు. మధ్యస్థ డీఎన్‌ఏను వేడిచేస్తే రెండు బ్యాండ్లుగా విడిపోయిందని చూపిన తరువాత కూడా అంత జాగ్రత్తగా ఎందుకు రాశారు, ఆ లోటు తీరాలంటే మీరైతే ఏ ప్రయోగం చేస్తారు అని అడిగి చూడండి.

పరిశోధక విద్యార్థిని:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. రాత్రి పేపర్ మళ్లీ తెరిచాను. సార్ చెప్పిన ఆ కలిపిన నమూనాల ఫోటోలు బొమ్మలో అట్టడుగున రెండు వరుసలుగా ఉన్నాయి. బొమ్మ పొడవుగా ఉండి స్లైడ్‌లో పట్టడం లేదని కింది భాగాన్ని నేనే కత్తిరించి అతికించాను. అంటే ఆ సీనియర్ అడిగిన ప్రశ్నకు జవాబు నా చేతుల్లో ఉన్నా నేనే తీసివేశాను. మా మేడంకు ఈ సంగతి చెప్పి, వచ్చే వారం మొదటి పదిహేను నిమిషాలు అడిగాను, ఇచ్చారు. ఈసారి బొమ్మ మొత్తాన్ని కాగితం మీద ప్రింట్ తీసి ఒక్కొక్కరికీ ఒక ప్రతి ఇస్తాను, మొదటి ప్రశ్న ఆ సీనియర్‌దే మళ్లీ చదివి మొదలుపెడతాను.