హార్డీ నవలల తొలి ముద్రణలు: కడపలో ఉంటూ సేకరించడం ఎలా?

ప్రశ్న – పాతకడప పాఠకుడు

అందరికీ నమస్కారం. నేను బ్యాంకు ఉద్యోగం నుంచి విరమణ పొంది కడపలో ఉంటున్నాను. మొన్న ఇంటికి మరమ్మతులు చేయిస్తుండగా అటక మీది నుంచి మా తాతగారి ట్రంకుపెట్టె దిగింది. ఆయన 1920లలో అనంతపురం దత్తమండల కళాశాలలో చదువుకున్నారు. పెట్టెలో భూముల దస్తావేజుల కింద ఇంగ్లీషు రచయిత థామస్ హార్డీ నవలలు ఐదు ఉన్నాయి. ఐదూ లండన్ మాక్మిలన్ వారి ప్రచురణలే. వాటిలో ‘టెస్ ఆఫ్ ది డర్బర్‌విల్స్’ (క్లుప్తంగా ‘టెస్’) ముఖపత్రం వెనుక తొలి ముద్రణ మూడు సంపుటాలుగా 1891లో వచ్చినట్టు అచ్చయి ఉండడం చూసి, దాచుకోవడమెందుకు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి కళ్లజోడు పెట్టుకుని చూస్తే ఆ పంక్తి కింద వరుసగా మరికొన్ని సంవత్సరాలున్నాయి, చివరిది 1907. పైగా నా చేతిలో ఉన్నది మూడు సంపుటాలు కాదు, ఒక్కటే. ఈ ప్రతి భారతదేశంలోనూ వలస రాజ్యాలలోనూ అమ్మడానికి మాత్రమే ఉద్దేశించినదన్న ప్రకటన కూడా మొదటి పుటల్లో ఉంది.

ఆ ఉత్సాహంలోనే ఒక పొరపాటు చేశానేమో కూడా చెబుతాను. హార్డీదే మరో నవల ‘జూడ్ ది అబ్‌స్క్యూర్’ తొలి ముద్రణ అని ఒక విదేశీ అమ్మకందారు పెట్టిన ప్రకటన చూసి, నెల పింఛనులో సగం పోసి తెప్పించుకున్నాను. ఆ నవల 1895 నవంబరులో వెలువడిందని అంతకుముందే చదివి ఉన్నాను. వచ్చిన పుస్తకం ముఖపత్రంపై మాత్రం 1896 అని ఉంది. మోసపోయానని నిశ్చయించుకుని వెనక్కి పంపేశాను. డబ్బు తిరిగి వచ్చింది.

నా సందేహాలు ఇవి. తాతగారి ప్రతులకు సేకరణలో ఏదైనా స్థానం ఉందా? పింఛను మీద బతికే మనిషి హార్డీ తొలి ముద్రణల జోలికి పోవచ్చునా, పోతే ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక పుస్తకం లోపల కళాశాల బహుమతి చీటీ అంటించి ఉంది, దాన్ని నానబెట్టి తీసేసి, వదులైన అట్టలకు కొత్త రెక్సిన్ బైండు వేయిద్దామనుకుంటున్నాను. పెద్దలు సలహా చెప్పగలరు.

జవాబు – అనంతపురం ఇంగ్లీషు టీచరు

నమస్కారం సార్. నేను డిగ్రీ కళాశాలలో చాలా ఏళ్లు ‘ది మేయర్ ఆఫ్ కాస్టర్‌బ్రిడ్జ్’ పాఠం చెప్పి విరమించినదాన్ని. ముందు ఆ బైండరు దగ్గరకు వెళ్లవద్దు. మిగతా విషయం నిదానంగా మాట్లాడుకుందాం.

ముఖపత్రం వెనుక ఉన్నది మీ ప్రతి జన్మపత్రిక కాదు, ఆ రచన వంశవృక్షం. మాక్మిలన్ వారు హార్డీ పుస్తకాలలో తొలి ముద్రణ ఎప్పుడో, తరువాత ఏ ఏ సంవత్సరాలలో తిరిగి వేశారో వరుసగా అచ్చువేసేవారు. వరుసలో చివరి సంవత్సరమే మన చేతిలో ఉన్న ప్రతిది. కాబట్టి మీది 1907 నాటి పునర్ముద్రణ. అసలు తొలి ముద్రణను వేసింది మాక్మిలన్ వారు కూడా కాదు. ఆస్‌గుడ్, మెకిల్వేన్ అనే సంస్థ. హార్డీ పుస్తకాలన్నీ మాక్మిలన్ చేతికి వచ్చింది 1902లో.

మూడు సంపుటాల సంగతి వేరే కథ. ఆ కాలంలో ఇంగ్లండులో కొత్త నవల మూడు సంపుటాలుగా, 31 షిల్లింగుల 6 పెన్నీల వెలకు వచ్చేది. అంత పెట్టి మామూలు పాఠకుడు కొనేవాడు కాదు. మ్యూడీ వంటి అద్దె గ్రంథాలయాలు కొని చందాదారులకు ఒక్కొక్క సంపుటంగా తిప్పేవి. మూడు సంపుటాలుంటే ఒకే నవలను ఒకేసారి ముగ్గురికి ఇవ్వవచ్చు, వ్యాపార రహస్యం అంతే. ‘టెస్’ తొలిసారి వేసింది 1000 ప్రతులు, వాటిలో చాలావరకు ఈ గ్రంథాలయాలకే పోయి, అట్ట మీద చీటీలు అంటించుకుని, వందల చేతులు మారి నలిగిపోయాయి. అందుకే మూడు సంపుటాలూ శుభ్రంగా కలిసి ఉన్న సెట్టు దొరికితే దాని వెల మనవంటి వాళ్ల ఊహకు అందదు.

ఇక మీ తాతగారి ప్రతులు. మాక్మిలన్ సంస్థ 1886లో ‘కలోనియల్ లైబ్రరీ’ పేరుతో ఒక వరుసను ప్రారంభించింది. ఇంగ్లండులో అంత వెల పలికే నవల ఇక్కడ తక్కువ వెలకు, ఒకే సంపుటంగా దొరికేది. అయితే ఆ చవక ప్రతి ఓడెక్కి తిరిగి ఇంగ్లండు చేరకూడదు గనుక ఆ ప్రకటన వేసేవారు. లండన్ వర్తకులు దశాబ్దాల పాటు వీటిని తొలి ముద్రణలు కావని పక్కన పెట్టేశారు. మన దగ్గరేమో ఎండకూ చెదకూ చాలావరకు పోయాయి. మన జిల్లాలవాళ్లు హార్డీని మొదట చదివింది మాత్రం ఈ ప్రతులలోనే. మీరు మొదలుపెట్టవలసిన చోటు మీ ట్రంకుపెట్టేనని నా అభిప్రాయం.

జవాబు – కర్నూలు కొండారెడ్డి బురుజు

టీచరు గారి మాటలో చివరి వాక్యం తప్ప మిగతాదంతా ఒప్పుకుంటాను. నేను ఇరవై ఏళ్లుగా ఈ పిచ్చిలో ఉన్నవాణ్ణి. వలస ముద్రణలు ముచ్చటైనవే, కానీ తొలి ముద్రణ కావాలని అడిగిన మనిషికి పునర్ముద్రణతో సర్దుకోమని చెప్పడం, పెళ్లిచూపులకు వచ్చినవాడికి ఫొటో ఇచ్చి పంపినట్టుంది.

ముందుగా ఒక చేదు వార్త. ‘జూడ్’ 1895 నవంబరులో వెలువడిన మాట నిజమే; అయినా తొలి ముద్రణ ముఖపత్రంపై ఉండేది 1896. ఏడాది చివర వచ్చే పుస్తకాలకు రాబోయే సంవత్సరం వేయడం అప్పటి ప్రచురణకర్తలకు మామూలే. కాబట్టి మీరు వెనక్కి పంపింది అసలైనదే అయి ఉండవచ్చు. అయ్యిందని ప్రమాణం చేసి చెప్పలేను, ఎందుకంటే ఆ సంవత్సరమే వేసి తరువాతి దఫాలు కూడా వచ్చాయి; ప్రచురణకర్త ఆస్‌గుడ్, మెకిల్వేనా, న్యూయార్కు హార్పరా అన్నది కూడా చూడాలి. ఏదేమైనా 1896 అన్న కారణం ఒక్కటే పెట్టుకుని దాన్ని పంపకూడదు.

ఇలాంటి గుర్తులే ఈ వ్యవహారంలో ప్రాణం. ‘టెస్’ తొలి ముద్రణ రెండవ సంపుటం 199వ పుటలో ముప్పై అయిదవ అధ్యాయానికి ఇరవై అయిదు అని రోమన్ అంకెలు తప్పు పడ్డాయి. ‘ది రిటర్న్ ఆఫ్ ది నేటివ్’ 1878 నాటి మొదటి సంపుటంలో హార్డీ స్వయంగా గీసిన కథాప్రాంతపు పటం ముఖపత్రానికి ఎదురుగా ఉండాలి. ఆ ఆకు చినిగిపోతే వెల సగానికి సగం పడిపోతుంది. డబ్బు పంపక ముందు ముఖపత్రం, దాని వెనుక పుట, ఇలాంటి గుర్తు ఉన్న పుట, పుస్తకం వీపు – ఈ నాలుగింటి ఫొటోలు అడగండి. పంపడానికి తటపటాయించే అమ్మకందారుతో బేరం అక్కడితో ఆపేయండి. విదేశీ పుస్తకాలపై 2019 బడ్జెటులో 5 శాతం దిగుమతి సుంకం వేశారు. ఆర్డరు పెట్టే నాటికి నిబంధన ఎలా ఉందో చూసుకుని, తపాలా ఖర్చు కూడా కలుపుకొని లెక్క వేయండి.

పింఛను మీద సాధ్యమేనా అంటే, సాధ్యమే, నవలల జోలికి పోకుండా ఉంటే. ‘జూడ్’కు వచ్చిన తిట్లతో – వేక్‌ఫీల్డ్ బిషప్పు ఆ పుస్తకాన్ని మంటలో పడేశానని పత్రికకు రాసేంతవరకూ వెళ్లింది ఆ గొడవ – హార్డీ కొత్త నవలలు రాయడం మానేసి కవిత్వానికి మళ్లాడు. ‘వెసెక్స్ పోయమ్స్’ 1898లో తన సొంత బొమ్మలతో 500 ప్రతులే వేయించాడు గనుక అదీ ఖరీదే. ఆ తరువాతివి మాత్రం, 1914 నాటి ‘సెటైర్స్ ఆఫ్ సర్కమ్‌స్టెన్స్’, 1922 నాటి ‘లేట్ లిరిక్స్’, ఆయన పోయిన ఏడాదే 1928లో వచ్చిన ‘వింటర్ వర్డ్స్’, మాక్మిలన్ వారి తొలి ముద్రణలే అయినా నవలల పక్కన పెడితే వాటి వెల తక్కువ. ఇంకొకటి కూడా ఉంది. భార్య ఫ్లోరెన్స్ పేరున 1928లోనూ 1930లోనూ రెండు భాగాలుగా వచ్చిన హార్డీ జీవితచరిత్రను చాలావరకు రాసుకున్నది హార్డీయే. పేరు వేరొకరిది కావడంతో జీవితచరిత్రల అరలోకి పోతుంది, అక్కడ వెతికే సేకర్తలు తక్కువ. నా ప్రతి నాకు అలాగే దొరికింది.

పాతకడప పాఠకుడు

కొండారెడ్డి బురుజు గారూ, మీ జవాబు చదివాక నేను కాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాను. ఆ అమ్మకందారుకు వెంటనే ఉత్తరం రాశాను. వెనక్కి వచ్చిన వారానికే అమ్ముడుపోయిందట. మా ఆవిడ మాత్రం సంతోషించింది.

బైండు గురించి టీచరు గారు ఆపమన్నారు, ఆపాను. కానీ అట్టలు ఊడి చేతిలోకి వస్తున్నాయి, కొన్ని పుటలకు సన్నని బెజ్జాలు పడ్డాయి. ఊరికే వదిలేయడమేనా?

జవాబు – ప్రొద్దుటూరు కాగితాలవాడు

నేను పాత కాగితాలు, పుస్తకాలు బాగుచేసే పనిలో ఉన్నాను సారూ. రెక్సిన్ బైండు వేసేవాళ్లు మొదట చేసే పని మూడు వైపులా కత్తిరించి అంచులు సమం చేయడం. దాంతో పుస్తకం కొలతలే మారిపోతాయి, పాత గుడ్డ అట్టతో పాటు దాని మీది బంగారు అక్షరాలూ చెత్తబుట్టలో పడతాయి. ఊడిన అట్టను పుస్తకంతోనే ఉంచి, వెడల్పాటి నూలు టేపుతో వదులుగా కట్టండి. దారం వద్దు, అంచులను కోస్తుంది. సెల్లోటేపు అసలే వద్దు. దాని జిగురు పదేళ్లకు పసుపుపచ్చగా మారి కాగితంలోకి ఇంకితే తీయడం నా తరం కూడా కాదు. బహుమతి చీటీ జోలికి పోకండి. పెద్దాయన చేతికి ఆ పుస్తకం ఎప్పుడు, ఎలా వచ్చిందో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

బెజ్జాలున్నాయంటున్నారు. పుటల గుండా గుండ్రని బెజ్జం పడితే అది తొలిచే పురుగు. పుట పైభాగం గీకినట్టు పలచబడితే రామబాణం పురుగు. పుస్తకాన్ని తెల్ల కాగితం మీద పెట్టి రెండు రోజులు చూడండి. సన్నని పిండి రాలితే పురుగు ఇంకా బతికే ఉండవచ్చు. అప్పుడు గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, మైనస్ 20 డిగ్రీలకు తగ్గే డీప్ ఫ్రీజరులో వారం ఉంచాలి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, విప్పితే చెమ్మ పడుతుంది. మనవాళ్లు పుస్తకాలను మిరపకాయల్లాగ మిద్దె మీద ఎండబెడతారు. కడప ఎండకు ఆ కాలపు కాగితం అప్పడమవుతుంది. పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువా కూడా మే నెలలో పొయ్యితో సమానం. గోడకు జానెడు దూరంలో, నేలకు ఎత్తుగా, నీడపట్టున కొయ్య అర ఉంటే చాలు. వేపాకు పెట్టాలనుకుంటే బాగా ఎండినది పలుచని గుడ్డలో మూటగట్టి అర మూలన పెట్టండి, పుటల మధ్య కాదు. తాళపత్రాలకు రాసే నిమ్మగడ్డి నూనె వంటివి కాగితానికి పనికిరావు.

జవాబు – అనంతపురం ఇంగ్లీషు టీచరు

కర్నూలు సార్ గారి పెళ్లిచూపుల పోలికకు నవ్వుకున్నాను. కానీ కడపలో కూర్చుని వలస ముద్రణలను ఫొటోలనడం నాకు రుచించలేదు. మీ ఊరిలోనే బ్రౌన్ దొర బంగళా కొని పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి ఊరూరి నుంచి ప్రతులు తెప్పించి పాఠాంతరాలు సరిచూయించాడు. ఆ స్థలంలోనే ఇప్పుడు ఆయన పేర భాషా పరిశోధన కేంద్రం ఉంది. ఏ ప్రతిలో ఏ పాఠం ఉందన్నదే ఆయన ప్రశ్న. ఏది పాతదన్నది దానిలో ఒక భాగం మాత్రమే.

హార్డీ విషయంలో ఈ ప్రశ్న మరీ రుచిగా ఉంటుంది, ఎందుకంటే ఆయన తన రచనను జీవితాంతం దిద్దుతూనే ఉన్నాడు. 1891 జూలై నుంచి ‘గ్రాఫిక్’ వారపత్రికలో ‘టెస్’ వచ్చినప్పుడు సంపాదకుల మర్యాద కోసం కొన్ని ఘట్టాలు తీసేశాడు. నీటి మడుగు దాటించడానికి కథానాయకుడు ఏంజెల్ పాలపడుచులను చేతులతో ఎత్తుకోవడం కూడా తగదని, తోపుడు బండి మీద దాటించాడు. పుస్తకంగా వచ్చినప్పుడు వాళ్లు మళ్లీ అతని చేతుల్లోకి చేరారు. పదవ అధ్యాయంలోని కొన్ని పుటలు మాత్రం రాతప్రతిలో ఉండి కూడా పొరపాటున జారిపోయి, 1912 ముద్రణకు గాని నవలలోకి ఎక్కలేదు. ఆ మాట హార్డీయే అప్పటి ముందుమాటలో చెప్పుకున్నాడు. ఛేస్‌బరో అనే ఊళ్లో దుమ్ము లేస్తుండగా పల్లెవాళ్లు చేసే నాట్యం ఆ పుటల్లోనిదే. మేము తరగతిలో చెప్పిన ‘టెస్’లో అది ఉంది. 1907 నాటి మీ ప్రతిలో ఉండకూడదు. సార్, ఒకసారి పదవ అధ్యాయం తీసి చూస్తారా?

పాతకడప పాఠకుడు

చూశాను మేడమ్. లేదు. నేను డిగ్రీలో చదివిన అట్టలేని పేపర్‌బ్యాక్‌ను పక్కన పెట్టుకుని ఒక్కొక్క పేరా వేలు పెట్టి సరిచూశాను. నా ప్రతిలో టెస్ తోడు కోసం వెతుక్కుంటూ వెళ్లి ఆ దుమ్ములో నాట్యం చూస్తుంది, తాతగారి ప్రతిలో చూడదు. ఆయన చదివిన ‘టెస్’ వేరు, నేను చదివిన ‘టెస్’ వేరన్నమాట. మిగతా నాలుగు పుస్తకాల ముఖపత్రాల వెనుక ఉన్న సంవత్సరాలు ఒక నోటుబుక్కులో రాస్తున్నాను. బురుజు గారూ, ‘వింటర్ వర్డ్స్’ మీ కంట పడితే నాకు ఒక మాట చెప్పండి. ఫొటోలు నాలుగూ నేనే అడుగుతాను.